ఎండలో చదవగలమా, చెమటలో కట్టుకోగలమా: స్మార్ట్ వాచీల రూపాన్నీ వాడకాన్నీ పోల్చి చూసే పద్ధతి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి మొబైల్ షాపులోనైనా, మహబూబ్‌నగర్‌లోని పెద్ద షోరూములోనైనా స్మార్ట్ వాచీలు చూపించమని అడిగితే, చల్లని గదిలో తెల్లటి ఎల్ఈడీ వెలుతురు కింద అద్దాల బల్ల మీద నాలుగైదు వాచీలు వరుసగా పెడతారు. ఆ వెలుతురులో అన్ని తెరలూ మెరుస్తాయి, అన్ని బెల్టులూ మెత్తగానే తగులుతాయి. మే నెల మిట్టమధ్యాహ్నం బత్తాయి తోట గట్టు మీద నిలబడి ఫోన్ చేసినవారు ఎవరో చూడాలనుకున్నప్పుడు, లేదా కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకొని మరో చేతి మీది సందేశం చదవాలనుకున్నప్పుడు మాత్రమే వాటి మధ్య అసలు తేడా బయటపడుతుంది. అప్పటికి డబ్బు కట్టేసి ఉంటాం. ఆ తేడాను కొనకముందే కనిపెట్టే పద్ధతిని ఇక్కడ ఒక్కొక్క మెట్టుగా వివరిస్తాను.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చేతి మీద ఉండే ఇంత చిన్న యంత్రంలో రూపం ఒకటి, పనితనం మరొకటి అని విడదీయడానికి వీలు లేదు. తెర వెలుగు పెంచితే బ్యాటరీ తగ్గుతుంది, బ్యాటరీ పెంచితే మందం పెరుగుతుంది, మందం పెరిగితే చొక్కా మణికట్టు కింద పట్టదు. ఒకచోట కలిపింది మరోచోట తీసివేయవలసిందే. అందువల్ల ‘ఏ వాచీ మంచిది’ అని అడగడం కన్నా ‘ఈ వాచీలో నా కోసం ఏం కలిపారు, దేన్ని తీసేశారు’ అని అడగడం సరైన పద్ధతి.

మొదటి మెట్టు: మీ రోజును కాగితం మీద రాయండి

ఉదయం లేచినప్పటి నుంచి పడుకునేదాకా మీ చేయి ఎక్కడెక్కడ ఉంటుందో రాయండి. ఎండలో ఎన్ని గంటలు, నీళ్లలో ఎన్నిసార్లు, బైకు మీద ఎంతసేపు, ఫోన్ పక్కన లేకుండా ఎంతసేపు అనేవి నాలుగు వరుసల్లో వేసుకుంటే చాలు. మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసే వ్యక్తికి యంత్రాల హోరులో రింగ్‌టోన్ వినిపించదు కాబట్టి మణికట్టు మీద గట్టిగా కొట్టే వైబ్రేషన్ ముఖ్యం. గద్వాలలోనో పోచంపల్లిలోనో మగ్గం మీద కూర్చునే నేతన్నకు ఉబ్బెత్తు అంచులున్న లావు వాచీ దారాలకు తగులుతుంది. అతనికి సన్నగా, అంచులు నున్నగా ఉన్నదే పనిముట్టు. పోలీసు ఉద్యోగానికి సిద్ధమవుతున్న యువకుడికి దూరం సరిగ్గా చూపించడం కావాలి, బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయురాలికి చప్పుడు లేకుండా సందేశం తెలియడం కావాలి. ఈ కాగితంలోంచి మూడు అవసరాలను మాత్రమే ఎంచుకొని గీత గీయండి. నాలుగోది రాశారంటే షాపులో ఎవరు ఏం చెప్పినా అది కూడా అవసరమే అనిపిస్తుంది.

రెండో మెట్టు: ఫోన్‌తో పొత్తు కుదురుతుందా

ఇది ఒక్క నిమిషం పని, కానీ దీన్ని దాటవేస్తే మిగిలినదంతా వృథా. యాపిల్ వాచ్ ఐఫోన్‌తో మాత్రమే జత అవుతుంది. 2021లో వచ్చిన గెలాక్సీ వాచ్ 4 నుంచి సామ్‌సంగ్ వాచీలు ఆండ్రాయిడ్ ఫోన్లతోనే పనిచేస్తున్నాయి. వాటిలోని ఈసీజీ లాంటి కొన్ని సదుపాయాలకు సామ్‌సంగ్ ఫోనే కావాలి. గూగుల్ పిక్సెల్ వాచ్ కూడా ఆండ్రాయిడ్‌కే పరిమితం. గార్మిన్, అమేజ్‌ఫిట్ వాచీలు, నాయిస్, బోట్, ఫైర్‌బోల్ట్ లాంటి మన దేశపు బ్రాండ్ల చవక వాచీలు రెండు రకాల ఫోన్లతోనూ జత అవుతాయి, అయితే వాటిలో కొత్త యాప్‌లు వేసుకునే వీలు తక్కువ లేదా అసలు ఉండదు. ఏడాదిలోగా ఫోన్ మార్చే ఆలోచన ఉంటే పాత ఫోన్‌కు కాకుండా రాబోయే ఫోన్‌కు సరిపోయే వాచీనే చూడండి.

మూడో మెట్టు: మణికట్టును కొలవండి

వాచీ పెట్టె మీద రాసిన మిల్లీమీటర్ల సంఖ్యను చూసి పరిమాణం తెలిసిందనుకోవడం మనలో చాలామంది చేసే పొరపాటు. గుండ్రటి వాచీల్లో ఆ సంఖ్య దాదాపుగా వ్యాసానికి సరిపోతుంది. యాపిల్ వాచ్‌లో అది కేసు (బెల్టు కాకుండా వాచీ ఒళ్లు) నిలువు కొలత. 45 మిల్లీమీటర్ల యాపిల్ వాచ్ సిరీస్ 9 వెడల్పు 38 మిల్లీమీటర్లే; 44 మిల్లీమీటర్ల గెలాక్సీ వాచ్ 6 వెడల్పు 42.8 మిల్లీమీటర్లు. పేరులో చిన్నగా ఉన్నదే చేతి మీద వెడల్పుగా కనిపించడానికి కారణం ఇదే.

ఇంట్లోనే చేయగలిగిన పని ఒకటుంది. ఒక దారాన్ని మణికట్టు చుట్టూ, ఎముక బుడిపెకు ఒక వేలి వెడల్పు పైన చుట్టి, స్కేలు మీద పెట్టి చుట్టుకొలత తెలుసుకోండి. తర్వాత మణికట్టు పైభాగంలో బల్లపరుపుగా ఉండే చోటు ఎంత వెడల్పో విడిగా కొలవండి. మనకు అసలు కావలసింది ఈ రెండో కొలత. అట్టముక్క మీద మీరు చూస్తున్న వాచీల నిలువు, అడ్డ కొలతలు గీసి కత్తిరించి, ఒక్కొక్కటి మణికట్టు మీద పెట్టి అద్దంలో చూడండి. అట్ట చివరలు బల్లపరుపు భాగాన్ని దాటి గాలిలో నిలబడితే ఆ వాచీ మీ చేతికి పెద్దది. అది చూడటానికి బాగుండదన్నది అలా ఉంచితే, గుండె వేగాన్ని కొలిచే వెనకనున్న సెన్సర్ చర్మానికి పూర్తిగా ఆనక తప్పుడు కొలతలు చూపిస్తుంది. రూపంలోని పొరపాటు నేరుగా పనిలో పొరపాటుగా మారేది ఇలాగే.

బరువునూ మందాన్నీ కూడా కాగితం మీద రాసుకోండి. బెల్టు కలపకుండా గెలాక్సీ వాచ్ 6 పెద్దది 33.3 గ్రాములు, యాపిల్ వాచ్ అల్ట్రా 2 దాదాపు 61 గ్రాములు. గార్మిన్‌లో పరుగువారి కోసం చేసిన ఫోర్‌రన్నర్ 55 బెల్టుతో కలిపి 37 గ్రాములుంటే, అదే సంస్థ ఫీనిక్స్ 7 బరువు 79 గ్రాములు, మందం 14.5 మిల్లీమీటర్లు. నిద్రలో కూడా కట్టుకోవాలనుకునేవారు, చిన్న చేతులున్నవారు 40 గ్రాముల లోపు చూసుకోవడం మేలని నా అభిప్రాయం. మందం విషయంలో మరో జాగ్రత్త అవసరం: కొన్ని సంస్థలు వెనక ఉబ్బుగా ఉండే సెన్సర్‌ను కలపకుండా మందం చెబుతాయి, కాబట్టి వీలైతే వాచీని బల్ల మీద నిలబెట్టి స్కేలుతో చూడండి.

గాజులు వేసుకునే మహిళలు ఇక్కడ ఇంకొంచెం ఆలోచించాలి. వాచీ పక్కనే గాజులుంటే అవి కేసు అంచులను గీస్తాయి, సెన్సర్‌ను కదిలిస్తాయి, పక్కనున్న గుండీని నొక్కుతాయి. షాపులో వాచీ కట్టుకొని చూసేటప్పుడు గాజులు తీయకండి. వాటితోనే కట్టుకొని చేతిని నాలుగువైపులా ఆడించండి. యాపిల్, సామ్‌సంగ్ వాచీల్లో తెరను తలకిందులుగా తిప్పుకొనే ఏర్పాటు సెట్టింగుల్లో ఉంటుంది. దానివల్ల గుండీలు గాజులకు దూరంగా మోచేతివైపుకు వస్తాయి.

నాలుగో మెట్టు: తెరను ఎండలోకి తీసుకెళ్లండి

దక్షిణ తెలంగాణలో వాచీ కొనేవారికి ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష. తెరలు ప్రధానంగా మూడు రకాలు. ఎల్‌సీడీ తెర వెనక ఒక దీపం మొత్తంగా వెలుగుతూ ఉంటుంది. చవక వాచీల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. అమోలెడ్ తెరలో ఒక్కొక్క చుక్కా తానే వెలుగుతుంది, నలుపు రంగున్న చోట ఆరిపోతుంది, అందుకే నల్లని నేపథ్యం పెట్టుకుంటే కరెంటు ఆదా అవుతుంది. మూడోది ట్రాన్స్‌ఫ్లెక్టివ్ తెర. ఇది తన మీద పడిన వెలుతురునే తిరిగి మన కంటికి పంపుతుంది. ఫీనిక్స్ 7, ఫోర్‌రన్నర్ 55 లాంటి గార్మిన్ వాచీల్లో ఇలాంటి తెర ఉంటుంది.

ఎండలో ఈ మూడూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. అమోలెడ్, ఎల్‌సీడీ తెరలు సూర్యుడితో పోటీ పడాలి. ఆ పోటీ బలాన్ని నిట్లలో కొలుస్తారు: యాపిల్ వాచ్ సిరీస్ 9, గెలాక్సీ వాచ్ 6 గరిష్ఠంగా 2000 నిట్లు, వాచ్ అల్ట్రా 2, గెలాక్సీ వాచ్ అల్ట్రా 3000 నిట్లు ఇస్తాయని వాటి తయారీదారులు ప్రకటించారు. ట్రాన్స్‌ఫ్లెక్టివ్ తెరకు పోటీయే లేదు. ఎండ ఎంత ముదిరితే అక్షరం అంత స్పష్టంగా కనిపిస్తుంది. అయితే అదే తెర షాపులోని బల్ల మీద వెలిసిపోయిన రంగులతో దిగాలుగా కనిపిస్తుంది, పక్కనున్న చవక అమోలెడ్ ముందు తేలిపోతుంది. పొలం పని, తోట పని, ఇళ్ల నిర్మాణం, బైకు మీద తిరిగే ఉద్యోగం చేసేవారు షాపులో చూసి దాన్ని పక్కన పెట్టేయడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది, ఎందుకంటే వారి పనికి తగ్గట్టు చేసిన తెర అదే.

పరీక్ష ఇలా చేయండి. మధ్యాహ్నం 12 నుంచి 2 గంటల మధ్య షాపుకు వెళ్లండి. యజమాని అనుమతితో, ఆయనను వెంటబెట్టుకొనే, వాచీతో గడప దాటి నేరుగా ఎండలో నిలబడండి. తెర వెలుగును ఆటోమేటిక్‌లో ఉంచి, చేతిని మామూలుగా పైకెత్తి, అరచేతిని అడ్డం పెట్టకుండా సమయం, తేదీ, ఒక సందేశం చదవండి. మూడూ చదవగలిగితే మంచి మార్కు వేయండి. చేయి ఎత్తినప్పటి నుంచి తెర వెలగడానికి ఎంత ఆలస్యమవుతుందో కూడా గమనించండి. ఒక సెకను దాటితే బైకు మీద ఉన్నప్పుడు అది పనికిరాదు. నల్ల కళ్లజోడు అలవాటున్నవారు అది పెట్టుకొనే చూడండి, కొన్ని కళ్లజోళ్లు కొన్ని కోణాల్లో ఎల్‌సీడీ తెరను నల్లగా మార్చేస్తాయి.

ఐదో మెట్టు: తెలుగు సందేశం పంపి చూడండి

మన ఇళ్లలో వాట్సాప్ సందేశాలు చాలావరకు తెలుగులోనే వస్తాయి. వాచీలను పోల్చేవారు ఈ సంగతిని చాలా అరుదుగా పట్టించుకుంటారు. యాపిల్ వాచీలు, గూగుల్ వేర్ ఓఎస్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే సామ్‌సంగ్, పిక్సెల్ లాంటి వాచీలు తెలుగు అక్షరాలను చక్కగా చూపిస్తాయి. చవక వాచీల్లో కొన్ని అక్షరాల బదులు ఖాళీ గళ్లను చూపిస్తాయి. మరికొన్ని అక్షరాలను చూపించినా వత్తులను విడగొట్టి పక్కపక్కన పేరుస్తాయి. అందుకే షాపులోనే మీ ఫోన్‌కు వాచీని జతచేసి, వెంట వచ్చినవారి ఫోన్ నుంచి ఈ వాక్యం పంపించమనండి: ‘స్త్రీ శిశు సంక్షేమ కేంద్రానికి జ్ఞాపకంగా ఉత్తరం రాశాను, కృష్ణమూర్తికి చెప్పు.’ ఇందులో మూడు హల్లుల సంయుక్తాక్షరం, వత్తులు, ఋత్వం, సున్న అన్నీ ఉన్నాయి. తడబడకుండా చదవగలిగితే ఆ వాచీ తెలుగింటికి పనికొస్తుంది.

తెర ఆకారం లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. ఒకే వెడల్పున్న చతురస్రంతో పోలిస్తే గుండ్రటి తెర వైశాల్యం సుమారు 78.5 శాతమే, అంటే ఐదో వంతుకు పైగా చోటు మూలల్లో పోతుంది. పైగా మన లిపికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరుసకు వరుసకు మధ్య ఎక్కువ ఎడం కావాలి. ఇంగ్లీషులో ఐదు వరుసలు పట్టే గుండ్రటి తెర మీద తెలుగులో మూడు, నాలుగు వరుసలకు మించి పట్టకపోవచ్చు. గుండ్రటిది పాతకాలపు చేతి గడియారంలా హుందాగా ఉంటుంది, శుభకార్యాలకు పట్టుబట్టల మీదికి నప్పుతుంది; సందేశాలు చదవడమే ప్రధానమైనవారికి నలుచదరపుది మేలు. మీ కాగితం మీద గీత గీసిన మూడు అవసరాల్లో ఏది ఉందో చూసుకొని తేల్చుకోండి.

ఆరో మెట్టు: గాజు, కేసు, దుమ్ము, నీళ్లు

మన ఎర్ర చెల్క నేలలు గ్రానైటు రాళ్లు అరిగి ఏర్పడినవి, వాటి దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్‌ది 7, మామూలు గాజుది 5 నుంచి 6 మధ్య, సఫైర్‌ది 9. తువ్వాలతో గాజు మీది దుమ్మును గట్టిగా తుడిచినప్పుడు పడే సన్నని గీతలకు కారణం ఈ తేడాయే. సఫైర్ గాజును ఆ రేణువులు గీయలేవు. అయితే సఫైర్ పెళుసుగా ఉంటుంది, రాతి మీద పడితే పగలవచ్చు. గొరిల్లా గ్లాస్ లాంటి గట్టిపరచిన గాజు గీతలు పడినా దెబ్బను కొంత మెరుగ్గా ఓర్చుకుంటుంది. ఏ గాజైనా సరే, అంచుల దగ్గర కేసు గాజుకన్నా ఒక వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటే మేలు. గాజు బయటికి ఉబ్బి అంచుల మీదికి వంగి ఉన్న రూపం ఎంత సొంపుగా కనిపించినా, తలుపు చట్రానికి మొదట తగిలేది ఆ గాజే.

దుమ్ము, నీళ్ల గురించి పెట్టె మీద రెండు రకాల గుర్తులు ఉంటాయి. ఐపీ68 అనే దానిలో మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి సంబంధించినది. 6 అంటే దుమ్ము లోపలికి పోదని అర్థం. 5 ఏటీఎం అంటే 50 మీటర్ల లోతులో నిశ్చలంగా ఉన్న నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడిని తట్టుకుంటుందని మాత్రమే అర్థం. అది దుమ్ము గురించి ఏమీ చెప్పదు. రైస్ మిల్లు ఊక, పత్తి జిన్నింగ్ నూగు, క్వారీ దుమ్ము మధ్య పనిచేసేవారు రెండు గుర్తులూ ఉన్నాయో లేదో చూడాలి. నీరు లోపలికి పోకుండా ఆపే సీళ్లు కాలం గడిచేకొద్దీ బలహీనపడతాయి, సబ్బు నీళ్లు, వేడినీళ్లు వాటిని తొందరగా పాడుచేస్తాయి. కాబట్టి స్నానానికి వాచీ తీసేయడమే మంచిది, గుర్తు ఏదైనా సరే.

తడి చేతులతో తెర సరిగా పనిచేయదు. నీటి చుక్కలను కూడా అది వేళ్లుగా భావిస్తుంది. నారుమడిలో ఉన్నప్పుడు, వానలో బైకు నడుపుతున్నప్పుడు, వంటింట్లో పిండి కలుపుతున్నప్పుడు ఫోన్ ఎత్తడానికో అలారం ఆపడానికో గుండీ ఉండాలి. గార్మిన్ క్రీడా వాచీల్లో ఐదు గుండీలు, గెలాక్సీ వాచ్ 6 క్లాసిక్‌లో తెర చుట్టూ తిరిగే చట్రం, యాపిల్‌లో పక్కనుండే తిరిగే గుండీ (క్రౌన్) ఇందుకే ఉన్నాయి. షాపులో వేలిని నీటిలో ముంచి ఒకసారి ప్రయత్నించండి.

బెల్టు విషయం చిన్నదిగా కనిపిస్తుంది, కానీ నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది అదే. నేను మొదట కొన్న వాచీకి ఆ సంస్థ సొంత పద్ధతిలో బిగించే బెల్టు ఉండేది. పద్నాలుగు నెలలకు అది కొక్కెం దగ్గర తెగింది. నల్లగొండలో ఏ షాపులోనూ అలాంటిది దొరకలేదు, తెప్పించుకోవడానికి మూడు వారాలు పట్టింది, అన్ని రోజులూ పనిచేసే వాచీ అలమారలోనే ఉంది. 20 లేదా 22 మిల్లీమీటర్ల మామూలు పిన్ను బెల్టు పట్టే వాచీ అయితే మామూలు గడియారాల షాపులోనే పని అయిపోతుంది. యాపిల్, పిక్సెల్ వాచీలు సొంత బిగింపులు వాడతాయి. యాపిల్‌కు ఇతరులు చేసిన బెల్టులు విరివిగా దొరుకుతాయి కాబట్టి అంత చిక్కు లేదు, మిగిలినవాటికి ముందే విచారించుకోండి. వేసవిలో సిలికాన్ బెల్టు కింద చెమట నిలిచి పొక్కులు వస్తాయి. నేత బెల్టుకు గాలి ఆడుతుంది కానీ తడిస్తే ఆరడానికి సమయం పడుతుంది. ఒకటి కట్టుకొని మరొకటి ఉతికి ఆరేసుకునేలా రెండు బెల్టులు పెట్టుకోవడమే ఇక్కడి వాతావరణానికి తగిన ఏర్పాటు.

ఏడో మెట్టు: కొలతలు ఎంతవరకు నిజమో తేల్చండి

వెనక పచ్చగా వెలిగే దీపం చర్మంలోకి వెలుతురు పంపి, రక్తం ఎంత పీల్చుకుంటుందో చూసి గుండె వేగాన్ని లెక్కిస్తుంది. ఆ దారికి ఏది అడ్డం వచ్చినా లెక్క తప్పుతుంది. మన పల్లెల్లో చాలామంది పెద్దవాళ్ల ముంజేతుల మీద పచ్చబొట్లు ఉంటాయి. సెన్సర్ కింద పచ్చబొట్టు పడితే ఆ రంగు వెలుతురును అడ్డుకుంటుంది. అమ్మకో నాన్నకో కొనేటప్పుడు ఏ చేతికి పచ్చబొట్టు లేదో చూసి ఆ చేతికే కట్టండి. రెండు చేతులకూ ఉంటే గుండె వేగం కోసం వాచీ కొనకపోవడమే మంచిది.

మూడు పరీక్షలు చాలు. కూర్చొని, మరో చేతి వేళ్లతో నాడి పట్టుకొని 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించి, వాచీ చూపిన సంఖ్యతో పోల్చండి; నాలుగైదు కొట్టుకోవడాల తేడా పరవాలేదు. తర్వాత 100 అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవండి. అదే పనిని ఒక సంచి పట్టుకొని, చేయి ఊపకుండా మళ్లీ చేయండి. చేతి ఊపు లేకపోతే అడుగులు తగ్గి కనిపిస్తాయి, గతుకుల దారిలో బైకు మీద వెళ్తే నడవని అడుగులు చేరతాయి. మూడోది దూరం. కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షకు పురుషులు 1600 మీటర్లు, మహిళలు 800 మీటర్లు సాధన చేస్తారు. స్టేడియంలోని 400 మీటర్ల ట్రాకు లోపలి వరుసలో నాలుగు చుట్లు తిరిగితే 1600 మీటర్లు అవుతుంది; వాచీ ఎంత చూపిందో చూడండి. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి: ‘కనెక్టెడ్ జీపీఎస్’ అని రాసి ఉంటే వాచీలో జీపీఎస్ లేదని అర్థం, అది ఫోన్‌లోని జీపీఎస్‌ను వాడుకుంటుంది. జేబులో ఫోన్ పెట్టుకొని పరుగెత్తలేనివారు సొంత జీపీఎస్ ఉన్నదే చూడాలి.

రక్తపోటు, చక్కెర గురించి మాత్రం కఠినంగా ఉండండి. సూది గుచ్చకుండా చక్కెర కొలుస్తామని చెప్పే స్మార్ట్ వాచీలను వాడవద్దని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది. అలాంటి వాచీ దేనికీ ఆ సంస్థ అనుమతి ఇవ్వలేదని కూడా అప్పుడే చెప్పింది. సామ్‌సంగ్ పద్ధతిలోని రక్తపోటు కొలతకు కూడా చేతికి పట్టీ కట్టి కొలిచే యంత్రంతో ప్రతి 28 రోజులకు సరిచూసుకోవాలి. అలా సరిచూడమని అడగకుండానే బీపీ అంకెలు చూపించే చవక వాచీని ఒక చుట్టిన తువ్వాలకు కట్టి మీట నొక్కండి. తువ్వాలకు కూడా బీపీ చూపిస్తే ఇక దాని సంగతి చెప్పనక్కర్లేదు. వాచీలోని ఈసీజీ గుండెపోటును కనిపెట్టలేదని యాపిల్ తానే స్పష్టంగా చెబుతోంది. ఛాతీలో నొప్పి వస్తే వాచీ చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎనిమిదో మెట్టు: చార్జింగ్, వేడి

యాపిల్ వాచ్ సిరీస్ 9కు 18 గంటలు, గెలాక్సీ వాచ్ 6కు తెర ఎప్పుడూ వెలుగుతూ ఉంటే 30 గంటలు, లేకపోతే 40 గంటలు, ఫీనిక్స్ 7కు 18 రోజుల వరకు అని సంస్థలు చెబుతాయి. వీటిని యథాతథంగా నమ్మకుండా, ఏ షరతుతో ఆ సంఖ్య చెప్పారో చదవండి. బ్లూటూత్ కాల్స్, జీపీఎస్, ఎప్పుడూ వెలిగే తెర ఈ మూడూ బ్యాటరీని ఎక్కువగా తినేవి.

రోజూ చార్జింగ్ పెట్టడంలోని అసలు నష్టం శ్రమ కాదు, ఆయుష్షు. 1000 పూర్తి చార్జింగుల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలిచేలా రూపొందించామని యాపిల్ చెబుతుంది. రోజుకు ఒక చార్జింగ్ చొప్పున అది మూడేళ్లలోపే పూర్తవుతుంది. పది రోజులకు ఒకసారి పెట్టే వాచీకి ఏడాదికి 36 చార్జింగులే అవుతాయి. చిన్న కేసు కొంటే ఒక్కో చార్జింగ్ నిలిచే సమయం ఇంకా తగ్గుతుంది: గెలాక్సీ వాచ్ 6లో పెద్దదాని బ్యాటరీ 425 ఎంఏహెచ్, చిన్నదానిది 300.

వేడి గురించి ఎవరూ అడగరు, అడగాలి. యాపిల్ వాచ్ సిరీస్ నమూనాలను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని, అల్ట్రా నమూనాకు ఆ హద్దు 55 డిగ్రీలని సంస్థ పేర్కొంది. మన వేసవి 35ను మార్చిలోనే దాటుతుంది. అంతమాత్రాన వాచీ ఆగిపోదు, కానీ వేడిలో లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద, బైకు ట్యాంకు సంచిలో వాచీ వదలవద్దు, ఎండ నుంచి వచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టవద్దు. ఒక్కొక్క సంస్థ చార్జర్ ఒక్కో రకం కాబట్టి హైదరాబాదు ప్రయాణంలో పక్కవారిని అడిగితే దొరకదన్నది కూడా లెక్కలోకి తీసుకోండి.

సిమ్‌తో పనిచేసే వాచీ కావాలంటే ఫోన్‌లో ఉన్న ఆపరేటర్‌దే వాచీకీ ఉండాలి. అమ్రాబాద్ అడవిలా సిగ్నల్ అందని చోట దానివల్ల కాల్స్‌కు ఉపయోగం లేదు.

తొమ్మిదో మెట్టు: మార్కులు వేసి, ఆ తర్వాతే డబ్బు కట్టండి

మొదటి మెట్టులో గీత గీసిన మూడు అవసరాలకు మొత్తం పది పాళ్లు పంచండి. ప్రతి వాచీకి ఒక్కో అవసరంలో ఐదుకు ఇన్ని మార్కులని వేసి, పాళ్లతో గుణించి కూడండి. ఒక రైతు ఎండలో చదవడానికి 4, బ్యాటరీకి 3, తెలుగుకు 3 పాళ్లు ఇచ్చాడనుకుందాం. మొదటి వాచీకి వరుసగా 3, 1, 5 మార్కులు వస్తే మొత్తం 30. రెండో వాచీకి 5, 5, 1 వస్తే 38. అతనికి రెండోదే సరైనది. అవే మార్కులను ఒక ఉపాధ్యాయురాలు ఎండకు 3, బ్యాటరీకి 2, తెలుగుకు 5 పాళ్లతో లెక్కిస్తే మొదటిదానికి 36, రెండోదానికి 30 వస్తాయి. వాచీలు మారలేదు, మార్కులు మారలేదు, కట్టుకునే చేయి మారింది. పక్కింటివారు మెచ్చుకున్న వాచీ మీకు నచ్చకపోవడంలో వింతేమీ లేదు.

స్మార్ట్ వాచీలకు మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు తప్పనిసరి. పెట్టె మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో వేసి, వచ్చిన వివరాలు పెట్టె మీది బ్రాండుతో సరిపోలుతున్నాయో చూడండి. సర్వీసు సెంటరు ఎక్కడ ఉందో బిల్లు రాయకముందే అడగండి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాదు దాదాపు 100 కిలోమీటర్లు, రెండు వేల వాచీ కోసం రెండుసార్లు తిరిగితే దారిఖర్చులూ ఒక రోజు కూలీ అందులోనే పోతాయి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయండి. వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకొని, ఆ లోపే ఎండ, తెలుగు సందేశం, 100 అడుగులు, ఒక పూర్తి చార్జింగ్ పరీక్షలు ముగించండి. అమ్మినవారు మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

మొదటి వారం రాత్రిపూట వాచీ తీసినప్పుడు చర్మం మీద గుర్తు చూడండి. గాడి పడినట్టు ఎర్రగా ఉంటే బెల్టును ఒక రంధ్రం వదులు చేయండి, వ్యాయామం చేసేటప్పుడు మాత్రం మళ్లీ బిగించండి. వెనకభాగాన్ని, చార్జింగ్ పిన్నులను మంచినీళ్లలో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే చార్జర్ మీద పెట్టండి. చెమట ఉప్పు పిన్నుల మీద మిగిలితే అవి పచ్చబారి, కొన్ని నెలల్లోనే చార్జింగ్ ఎక్కడం మానేస్తుంది.